గాలికి పైకప్పు

ప్రియమైన చెల్లాయ్,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా ఫ్యాక్టరీ మూడో షెడ్డులో మంచినీళ్ళ డ్రమ్ముకు గొలుసుతో కట్టేసి ఉన్న స్టీలు గ్లాసు నేటి ఉదయం నుంచి స్వేచ్ఛాజీవి. సదరు గ్లాసును చెర విడిపించిన మహనీయుడెవరో ఫోర్‌మన్ గారికి తెలియదు. తెలిసినా రుజువు చేయలేరు. ఖాళీ అయిన గొలుసు కొసకు ప్రస్తుతం ఫోర్‌మన్ గారి గొడుగు తాళం వేయబడి ఉన్నది. వాన వచ్చినచో వారు డ్రమ్ముతో సహా ఇంటికి వెళ్ళవలెను. ఇట్లు, ప్రజాక్షేమం కోరువారు.

ఇది ఈ వారం ముఖ్య వార్త. ఇక చిల్లర వార్తలు.

మీ వదిన కులాసా. గొడుగు సంగతి చెబితే నవ్వు బిగబట్టుకుని, "ఈ వయసులో ఈ కోతిపనులేంటండీ, రేపు పిల్లనిచ్చేవాళ్ళు మిమ్మల్ని చూసి పారిపోతారు" అంది. "మనకున్నది కూతురే, పిల్లనిచ్చేది మనమే" అన్నాను. "అయితే పుచ్చుకునేవాళ్ళు పారిపోతారు" అంది. ఈవిడతో వాదించి గెలిచిన మగాడు ఇంకా పుట్టలేదు.

నువ్వు పెద్ద చదువులు చదివి మందివ్వని డాక్టరువయ్యావు. ఇప్పుడు ఏదో కమిటీలో కూర్చుని గాలికి హద్దులు గీస్తున్నావట. స్థలానికి హద్దంటే రాయి పాతుతారు. గాలికి ఎక్కడ పాతుతారమ్మా?

నీ హద్దు మా తొట్టి గురించేనని విని షెడ్డంతా గర్వపడ్డాం. ఆఫీసు కుర్చీలో కూర్చుని మర్చిపోయి ఉంటావు కాబట్టి మళ్ళీ చెబుతున్నా. మా తొట్టి నిలువెత్తు ఇనుప పెట్టె. అడుగున తీపి నీళ్ళు కాగుతుంటాయి. వాటి అసలు పేరు నీకు నోరు తిరుగుతుంది, నాకు తిరగదు. వాసన తియ్యగా ఉంటుంది కాబట్టి మాకు తీపి నీళ్ళే. నూనె జిడ్డు పట్టిన ఇనుప సామాను బుట్టలో పెట్టి ఆ ఆవిర్లోకి దించుతాం. జిడ్డంతా కారిపోయి కొత్త పెళ్ళికొడుకుల్లా పైకి వస్తాయి. ఆవిర్లో మాకూ వాటా ఉంటుంది. సాయంత్రానికి తాగకుండానే తూలుతాం. తాగామా, ఒక్క గ్లాసుకే మొహం మందారమవుతుంది.

నా జోడీ వకీలు నీకు తెలుసుగా. లా చదవలేదు, చదివుంటే దేశంలో ఒక్క కేసూ తేలేది కాదు. దేనికైనా "అభ్యంతరం" అంటాడు. మొన్న గడ్డం గీసుకుంటూ చెంప కోసుకుని, రక్తం కారుతున్నా తెలియక అలాగే పనికొచ్చాడు. "ఒరే, నీ మొహం మీద ఎర్ర సిరా ఒలికింది చూసుకో" అన్నాను. తడుముకుని చూసి, "అభ్యంతరం, ఇది నాది కాదు" అన్నాడు. మూతి చుట్టూ స్పర్శ ఉండటం లేదట. నేను గిల్లి చూశాను. గట్టిగానే గిల్లాను. వాడు నా మొహంలోకి చూస్తూ, "మొదలుపెట్టు మరి" అన్నాడు.

వచ్చే వారం గాలి కొలిచేవాళ్ళు వస్తున్నారు. మనిషికో గొట్టం కాలరుకు తగిలిస్తారట. నాది పదకొండో నంబరు. ఇంట్లో చెబితే, "మీ నోటికి కూడా ఒకటి తగిలించమనండి" అంది మీ వదిన.

ఇట్లు,
నీ అన్న,
తొట్టి శాఖామాత్యులు

*

ప్రియమైన అన్నయ్యా,

ఆఫీసు అడ్రసుకి ఉత్తరాలు రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? మా గుమాస్తా అందులో సర్క్యులర్ ఏదో ఉందనుకుని విప్పాడు. 'ఇందుమూలముగా' అని చూసి నిజంగానే సర్క్యులర్ అనుకుని పైకి చదివాడు. టీ వేళకు గొడుగు సంగతి మొత్తం అంతస్తుకి తెలిసిపోయింది. కంపెనీల తరఫున కమిటీకి వచ్చే ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు, జేబునిండా పిప్పరమెంట్లు వేసుకుని అందరికీ పంచుతుంటాడు. ఆయన కూడా నా బల్ల దగ్గరికొచ్చి, "మీ అన్నగారు భలే మనిషండీ" అని ఒక పిప్పరమెంటు పెట్టి వెళ్ళాడు. ఇకనుంచి ఇంటికి రాయి.

నువ్వు నవ్వుతావని తెలిసి కూడా ఈ పని గురించి చెబుతున్నాను. మేము గీయాల్సినవి రెండు గీతలు. మొదటిది రోజువారీ సగటు. షిఫ్టు మొత్తంలో మనిషి పీల్చే గాలిలో ఆ ఆవిరి సగటున ఇంత దాటకూడదని. దీనికి కంపెనీలు ఒప్పుకున్నాయి, అంకె దగ్గర బేరం నడుస్తోంది. రెండోది పైకప్పు. సగటు ఎంతయినా కానీ, ఏ ఒక్క నిమిషంలోనూ ఇంతకు మించకూడదని. కంపెనీలు వద్దంటున్నది దీన్నే. అది వస్తే మూతలు మార్చాలి, ఫ్యాన్లు పెట్టాలి, తొట్టి శుభ్రం చేయడానికి మనిషిని లోపలికి దింపకూడదు. "ఏ షెడ్డులోనూ అంత ఆవిరి ఏ నిమిషంలోనూ లేదు, లేనిదానికి కప్పెందుకు" అంటాడు పిప్పరమెంట్ల ప్రొఫెసర్. మేము ఉందని చూపించాలి. చూపించేవి మీ కాలరు మీది గొట్టాలే.

నువ్వు నా అన్నవని ఛైర్మన్‌కి ముందే రాసిచ్చాను. ఓటింగులో ఉండను. కొలతలు జతచేసి ముందు పెట్టడం వరకే నా పని.

రెండు సంగతులు. అడుగున పేరుకున్న మడ్డి తీసేది ఎవరు? కంపెనీ కాగితాల్లో 'బయటి కాంట్రాక్టరు' అని ఉంది. ఇంకోటి, ఆ గొట్టంతో మాత్రం ఆడకు. నీకు దండం పెడతాను. నీ సరదాలకి గొడుగులున్నాయి, గొలుసులున్నాయి. దాన్ని వదిలెయ్. వకీలు గారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, గిల్లడం మానేసి.

వదినకు నా ముద్దులు. మేనకోడలికి చదువుకోమని చెప్పు.

నీ చెల్లి

*

ప్రియమైన డాక్టరమ్మా,

ఒట్టు. నీ మీద ఒట్టు, నా మీద ఒట్టు, ఫోర్‌మన్ గారి గొడుగు మీద ఒట్టు. గొట్టం జోలికి వెళ్ళను. పెళ్ళినాటి ఉంగరంలా చూసుకుంటాను. ఉంగరం ఎక్కడుందని మాత్రం మీ వదినను అడక్కు.

సగటు గురించి రాశావు. వకీలుకు చదివి వినిపించాను. వాడు బాగా ఆలోచించి, "మా ఆవిడ రోజంతా తిట్టదు, పొద్దున్న పది నిమిషాలే తిడుతుంది. మిగతా రోజుకి పంచితే మహా శాంతస్వభావురాలు. అయినా ఆ పది నిమిషాలు నేను పెరట్లో దాక్కుంటున్నానా లేదా? నీ చెల్లెలు చెప్పేది సబబే" అన్నాడు. కాబట్టి మా వకీలు పైకప్పు పక్షం. ప్రొఫెసర్‌కి తెలియజేయి. పిప్పరమెంట్లు ఆయన్నే చప్పరించమను.

మడ్డి తీసే బయటి కాంట్రాక్టరు ఎవరంటావా? షెడ్డు బయట టీ తాగి లోపలికొచ్చే నేనూ వకీలూ. బయట తాగుతాం కాబట్టి బయటి కాంట్రాక్టర్లం. తీపి నీళ్ళు తోడేసి, నిచ్చెన వేసుకుని ఒకడు దిగి పారతో గీకుతాడు, ఇంకొకడు పైన నిలబడి కబుర్లు చెబుతాడు. కబుర్లు చెప్పడంలో నాకు అనుభవం ఎక్కువ కాబట్టి వాడే దిగుతాడు. ఈ వారం మాత్రం దిగొద్దన్నాడు ఫోర్‌మన్. "కొలిచేవాళ్ళున్నారు, తొట్టి మూత తియ్యొద్దు, మీ మూతి కూడా తియ్యొద్దు" అన్నాడు. ఆయన కూడా జోకులేస్తున్నాడంటే లోకం మారిపోతోంది.

గొట్టానికి నడుము దగ్గర చిన్న పంపు ఉంది. నిద్రపోతున్న పిల్లిలా గురగురమంటుంది. వకీలు దాన్ని నిమిరి, "కడుపుతో ఉన్నట్టుంది, జాగ్రత్త" అన్నాడు.

వాడు డాక్టరు దగ్గరికి రాడు. "వెళితే ఏదో ఒకటి చెబుతాడు, వెళ్ళకపోతే ఏమీ లేదు" అని వాదన. అభ్యంతరం చెప్పి చూశాను. కొట్టేశాడు.

ఇట్లు,
ఒట్టుకు కట్టుబడిన
నీ అన్న

*

ప్రియమైన అన్నయ్యా,

పరుగు మీద రాస్తున్నాను. కొలతలొచ్చాయి. అన్ని షెడ్లవీ, అన్ని గొట్టాలవీ. ఒక్కటి తప్ప అన్నీ ప్రొఫెసర్ కోరుకున్నట్టే బుద్ధిగా ఉన్నాయి. ఆ ఒక్కటి నీది.

పదకొండో నంబరులో దొరికినంత ఆవిరి మిగతా అందరిదీ కలిపినా లేదు. షిఫ్టు మొత్తానికి పంచినా సగటు గీత ఎక్కడో కింద ఉండిపోయింది. పంచకపోతే ఎంతో లెక్క కట్టి రెండుసార్లు సరిచూశాను. మామూలుగా తొట్టి పక్కన నిలబడితే అంత రాదు. లోపల తల పెడితేనే వస్తుంది.

అన్నయ్యా, ఆ రోజు నువ్వు తొట్టిలో దిగావా? కంపెనీ రికార్డులో ఆ రోజు శుభ్రం చేయలేదని ఉంది. మీ ఫోర్‌మన్ అదే రాసిచ్చాడు. గొట్టాన్ని ఎవరో కావాలనే ఆవిర్లో ముంచారు, ఈ కొలత తీసెయ్యాలని ప్రొఫెసర్ పట్టుబట్టాడు. "మీ అన్నగారి సంగతి మనందరికీ తెలిసిందే కదమ్మా" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఒట్టేశాడని చెప్పలేకపోయాను, కమిటీలో ఒట్లు చెల్లవు.

ఛైర్మన్ మంచివాడు. గొట్టం పెట్టుకున్న మనిషిని రాతపూర్వకంగా అడగమన్నాడు. నువ్వు ఏది రాస్తే అది ముందు పెడతాను. "ఆ రోజు తొట్టిలో దిగాను" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, పైకప్పు వచ్చినట్టే. మన దగ్గర ఇంకో ఆధారం లేదు. మిగతా చోట్ల గొట్టాలు పెట్టిన రోజున ఎవరూ మూతలు తీయలేదు.

దిగకపోతే దిగలేదని రాయి. కానీ నిజం రాయి. జోకులొద్దు, ఈ ఒక్క ఉత్తరంలో.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లాయ్,

నీ ఉత్తరం రాకముందే నన్ను మేనేజరు పిలిచాడు. కుర్చీ వేయించాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు. అందుకని నీకు చెప్పబోయేది ఆయనకు ముందే చెప్పాల్సి వచ్చింది, ఏమనుకోకు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను చెల్లాయ్. ఏం చేయను, పుట్టుబుద్ధి. పొద్దున్నే గొట్టం తగిలించి వెళ్ళారా? మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాను. భోజనాల గంట కొట్టగానే అందరూ లేచారు. నాకొక ఆలోచన వచ్చింది. గొట్టాన్ని కాలరు నుంచి ఊడదీసి, సంచులు కుట్టే గట్టి దారం ఒకటి తెచ్చి, దానికి కట్టాను. బుట్ట దించే కమ్మీకి దారం రెండో కొస ముడేశాను. మూత కాస్త పక్కకి జరిపి తొట్టిలోకి వదిలాను. పక్కన స్టూలేసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను, గాలం వేసి చేపకోసం కూర్చున్నట్టు. మధ్యమధ్యలో దారం లాగి చూశాను, ఏమైనా పడిందా అని. ఒకసారి పెద్ద చేపే పడిందనుకున్నా, తీరా చూస్తే నా కండువా. భోజనాలయ్యాక మళ్ళీ కాలరుకు తగిలించుకుని పెద్దమనిషిలా పనిలోకి దిగాను. మీ గొట్టం పాపం నోరులేనిది, ఏది పీలిస్తే అది చెప్పింది.

ఇది విని మేనేజరు పడీపడీ నవ్వాడు. టీ తెప్పించాడు. అదే రాసివ్వమంటే ఇచ్చాను. మీ కమిటీకి కూడా ఇదే నా వాక్యం. ఆ రోజు తొట్టిలో ఎవరూ దిగలేదు.

వకీలు నవ్వలేదు. వాడికి ఒంట్లో బాగాలేదు. పక్కటెముకల కింద నొప్పి అంటున్నాడు. మొత్తానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

కోప్పడు. తిట్టు. తిట్టి రాయి.

నీ అన్న

*

అన్నయ్యకు,

నీ వాక్యం ముందు పెట్టాను. ముందు పెడితే సరిపోదు, చదివి వినిపించమన్నారు. నిలబడి చదివాను. గాలం దగ్గర ఒకరిద్దరు నవ్వారు. కండువా దగ్గర అందరూ నవ్వారు. ప్రొఫెసర్‌కి కళ్ళనీళ్ళు వచ్చాయి, జేబురుమాలుతో తుడుచుకున్నాడు. "మీరు బాధపడకండమ్మా, ప్రతి కుటుంబంలో ఒకరుంటారు" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన పిప్పరమెంటు ఇచ్చాడు, నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు.

పదకొండో నంబరు కొట్టేశారు. పైకప్పు లేదు. సగటు ఒక్కటే ఉంది, అదీ కంపెనీలు అడిగిన చోట. మళ్ళీ సమీక్ష ఎప్పుడంటే 'కొత్త ఆధారం దొరికినప్పుడు' అని రాశారు.

చిన్నప్పుడు బడిలో నా పలకమీద బొమ్మ గీసి మాస్టారుచేత తిట్లు తినిపించావు. పెళ్ళిచూపుల రోజున నా చెప్పులు దాచావు. అన్నిటికీ నవ్వాను. నాకు నీ మీద కోపం రావడం ఎలాగో తెలియదనుకున్నాను. తెలిసింది.

నాకు ఇక రాయకు. వదినకు నేను విడిగా రాసుకుంటాను.

*

ప్రియమైన చెల్లాయ్,

రాయొద్దన్నావు. ఇంతకుముందు రాసినవి రెండూ జవాబు లేకుండా పోయాయి. ఇది మూడోది. చింపేసేలోపు మొదటి వాక్యం చూస్తావని ఆశ.

వకీలుకు ఒక మూత్రపిండం తీసేశారు. గడ్డ అంట. ఫ్యాక్టరీ ఆసుపత్రి కార్డు మీద జరిగింది కాబట్టి ఇల్లు అమ్ముకోలేదు. చూడ్డానికి వెళ్ళాను. "ఒరే, రెండిట్లో ఒకటి పోయింది, సగటున నీకు సగం చొప్పున రెండున్నాయి" అన్నాను. వాళ్ళావిడ గుడ్లురిమింది. వాడు మాత్రం నవ్వాడు. పెదాలు ఒకవైపే కదిలాయి.

తేలిక పని ఇస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు. ప్రస్తుతానికి తొట్టి దగ్గరే.

మీ వదిన నీ ఉత్తరాలు నాకు చూపించదు. చదువుతూ వంటింట్లో మొహం తిప్పుకుంటుంది. బాగున్నావని అంటుంది.

నీ అన్న

*

అన్నయ్యా,

ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టలేదు. నీ కోసం రాయడం లేదని ముందే చెబుతున్నాను. పని ఉండి రాస్తున్నాను.

ఇంకో ఊళ్ళో, ఇంకో ఫ్యాక్టరీ. తొట్టి మీదిలాంటిదే, తీపి నీళ్ళు అవే. మడ్డి తీయడానికి ఒకతను దిగాడు. లేవలేదు. పైన ఉన్నవాడు అతన్ని లాగడానికి దిగాడు. అతనూ లేవలేదు. ఇద్దరూ వరసకి తోడల్లుళ్ళట, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఫైలు నా బల్ల మీదికొచ్చింది. ఫోటోలున్నాయి. నిచ్చెన నిటారుగానే ఉంది, తొట్టి గోడకి ఆనించి.

ఆ రోజు షెడ్డులో సగటు హద్దులోపలే ఉంది. కంపెనీ ఏ నిబంధనా తప్పలేదు. మేము రాసిన నిబంధనే.

పైకప్పు ఉండి ఉంటే మనిషిని దింపేవాళ్ళు కాదు. ఇది నిన్ను అనడానికి రాయడం లేదు. అనాలంటే అప్పుడే అనేదాన్ని. నీ గాలం కథ ఒకటి లేకపోయినా వాళ్ళు వేరే సాకు వెతికేవాళ్ళే అని నాకు నేను చెప్పుకుంటుంటాను. కొన్ని రోజులు నమ్ముతాను.

సమీక్ష అడుగుతూ ఒక నోటు రాస్తున్నాను. కొత్త ఆధారం ఉంటేనే తెరుస్తారు. చనిపోయినవాళ్ళ కాలర్లకు గొట్టాలు లేవు, కాబట్టి అది ఆధారం కాదట. పనిచేసేవాళ్ళను అడిగి రాయమన్నాడు ఛైర్మన్. నాకు తెలిసినవాళ్ళలో ఆ తొట్టి పని చేసేది నువ్వొక్కడివే. అందుకని అడుగుతున్నాను. మీ షెడ్డులో దిగినవాడు పడిపోతే పైవాడు ఏం చేస్తాడు? మీకేమైనా చెప్పారా? బెల్టు ఉంటుందా? సూటిగా రాయి. నవ్వించకు.

వకీలు గారు ఎలా ఉన్నారు?

చెల్లి

*

ప్రియమైన చెల్లాయ్,

వకీలు పోయాడు. నీ ఉత్తరం వచ్చిన రోజుకి దినాలు కూడా అయిపోయాయి. గడ్డ రెండో మూత్రపిండానికి కూడా పాకింది. చివర్లో వాడు ఎవరితోనూ వాదించలేదు. నర్సు సూది గుచ్చుతుంటే నేనే "అభ్యంతరం" అన్నాను, వాడి బదులు. వాడు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

నువ్వు అడిగినదానికి సూటిగా రాస్తున్నాను. పైవాడు దిగుతాడు. మాకెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పినా దిగుతాడు. బెల్టులు స్టోరు గదిలో ఉన్నాయి, స్టోరు తాళం ఫోర్‌మన్ దగ్గరుంది. పైవాడు ఊపిరి గట్టిగా పీల్చుకుని, బిగబట్టి, నిచ్చెన మీద గబగబా దిగుతాడు. కిందివాడి చంకల కింద చేతులేస్తాడు. మనిషి బరువుగా ఉంటాడు, జారిపోతుంటాడు, ఒళ్ళంతా మడ్డి. లేపబోయేసరికి బిగబట్టిన ఊపిరి కాస్తా బయటికి పోతుంది. లోపలికి పీల్చింది గాలి కాదు. తియ్యగా ఉంటుంది. చెవుల్లో గంటలు మోగుతాయి. ఇక్కడే కూర్చుంటే బాగుండుననిపిస్తుంది. ఇవన్నీ ఎవరో చెబితే విని రాస్తున్నవి కావు.

కొలిచేవాళ్ళు వచ్చిన వారం దిగొద్దన్నాడు ఫోర్‌మన్. అన్నాడు నిజమే. మధ్యాహ్నానికి అడుగున మడ్డి పేరుకుని తొట్టి పట్టేసింది. సామాను జిడ్డుతోనే పైకొస్తోంది. లారీ గేటు దగ్గర కూతపెడుతోంది. ఫోర్‌మన్ వచ్చి, "గాలి కొలిచే సార్లు క్యాంటీన్‌లో ఉన్నారు. గబుక్కున అయిపోద్ది, అడుగున కాస్త గీకేయండ్రా" అన్నాడు. వకీలు, "అభ్యంతరం, నువ్వే వద్దన్నావు" అన్నాడు. "ఇప్పుడు నేనే దిగమంటున్నాను" అన్నాడు ఫోర్‌మన్. తీపి నీళ్ళు పూర్తిగా తోడలేదు. చల్లారనూ లేదు. వాడి గొట్టం తీసి బల్లమీద పెట్టించాడు. నాది పైనే ఉండేవాడిది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

వాడు దిగాడు. నేను పైన కబుర్లు చెబుతున్నాను. గీకుడు చప్పుడు ఆగింది.

చెల్లాయ్, నేను వెంటనే దిగలేదు. వాడు నాకు టోకరా వేస్తున్నాడనుకున్నాను. అంతకు రెండు రోజుల ముందే వాడి అన్నం డబ్బాలో బోల్టులు పోశాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "లేవరా వకీలూ, జడ్జీగారు వచ్చారు" అని నవ్వాను. "సరే పడుకో, ఫీజు కట్ చేస్తాం" అన్నాను. పారతో తొట్టి మీద తట్టాను. అప్పటికి గానీ వంగి చూడలేదు.

అప్పుడు దిగాను. ఎలా పైకొచ్చామో సరిగ్గా గుర్తులేదు. ఫోర్‌మన్ నా కాలరు పట్టుకుని లాగాడు. నడుము దగ్గర పంపు గురగురమంటూనే ఉంది. ఇద్దరం షెడ్డు వెనకాల కక్కుకున్నాం. వాడికి తెలివి రాగానే అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పకురా" అని.

ఎందుకంటావా? అప్పటికే మూత్రంలో రక్తం పడుతోంది వాడికి. నాక్కూడా చెప్పలేదు, ఆ రోజే చెప్పాడు. తొట్టిలో పడిపోయాడని తెలిస్తే పరీక్ష చేయిస్తారు. పరీక్ష చేస్తే పనికి పనికిరాడని రాస్తారు. గేటు బయటికి పోతే ఆసుపత్రి కార్డు పోతుంది. కార్డు లేకపోతే ఆపరేషను లేదు. వాడి వాదనలన్నిట్లో నేను ఎదురు చెప్పలేకపోయింది ఇదొక్కటే.

తర్వాత మేనేజరు కుర్చీ వేయించాడు. నీకు రాసిన కాగితంలో ఇక్కడివరకు నిజమే. ఆయన బల్లమీద రెండు కాగితాలున్నాయి. "ఈ రెండిట్లో ఒకటే కావాలి నాకు. ఒకటి, ఆ రోజు ఎవరెవరు దిగారో, ఎవరు పడ్డారో రాసివ్వు. వాళ్ళకి పెద్ద డాక్టర్ల చేత పరీక్షలు చేయిస్తాం. రెండోది, గొట్టంతో నువ్వే ఏదో తమాషా చేశానని రాసివ్వు. నీ సంగతి ఇక్కడ తెలియనిదెవరికి? ఎవడైనా నమ్ముతాడు" అన్నాడు.

ఆయన అన్నమాట నిజమే చెల్లాయ్. అదే నా ప్రాణం తీసింది. నిజం చెబితే రుజువు అడిగేవాళ్ళు. అబద్ధానికి ఒక్కడు కూడా అడగలేదు. నువ్వు కూడా.

అది నిన్ను అనడానికి రాయలేదు. నీకు వేరేగా నిజం రాయొచ్చు కదా అంటావు. రాసి ఉంటే నువ్వు ముందు పెట్టేదానివి. పెట్టకుండా ఉండగలిగే మనిషివి కాదు. ఆ సంగతి తెలిసే రాయలేదు. వాడి కార్డు నిలబడింది. ఆపరేషను అయింది. కొన్నాళ్ళు బతికాడు, సగం పెదవితో నవ్వాడు, వాళ్ళావిడ చేత తిట్లు తిన్నాడు. ఆ కొన్నాళ్ళకి నేను ఇచ్చిన ధర ఎంతో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. తోడల్లుళ్ళ పేర్లు నువ్వు రాయలేదు. మంచిదైంది.

ఇప్పుడు కాపాడాల్సిన కార్డు లేదు. ఈ ఉత్తరాన్ని మీ ఛైర్మన్ ముందు పెట్టు. నిలబడి చదువు, ఆ ఉత్తరం చదివినట్టే. ప్రొఫెసర్ ఉంటే ఆయన ఎదురుగా చదువు. నా ఉద్యోగం పోతుంది. మీ వదినకు చెప్పాను. "ఎప్పుడో పోవాల్సింది" అని లోపలికెళ్ళింది.

వాళ్ళు నమ్మరేమో. ఇది కూడా ఆ తుంటరివాడి ఇంకో కథేనంటారేమో. ఫోర్‌మన్‌ని అడగమను. కాదంటాడు. పదకొండో నంబరు గొట్టాన్ని అడగమను, ఇంకా ఏ అలమారలోనైనా ఉంటే. అది చెప్పినదాంట్లో ఒక్క పిసరు నేను మార్చలేదు. పొద్దున్న తగిలించిన దగ్గర్నుంచి సాయంత్రం విప్పేదాకా అది నా కాలరు మీదే ఉంది.

దారం లేదు. స్టూలు లేదు. గాలమూ లేదు. మీ కమిటీ అంతా నవ్విన ఆ కథ, మేనేజరు టీ తెప్పించేలోపు అతని ఎదురుగా కూర్చుని నేను అల్లినది.

అన్నయ్య